లెవెలు తీయడం రానివాడు

నాకు లెవెలు తీయడం రాదని నా సర్వీసు పుస్తకంలో రాసి ఉంది. ఇంగ్లీషులో, ఎర్ర సిరాతో, కింద ఒక సంతకంతో. ఇరవయ్యేళ్ళకు పైగా లెవెళ్ళు తీసి పిల్లల్ని పెంచినవాణ్ణి నేను. ఆ వాక్యం అబద్ధం. అది అబద్ధమని రాసినాయనకి రాసేటప్పుడే తెలుసు.

సైట్ల మీద కొత్తగా పనిలో చేరుతున్నవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. ఇంజనీరింగు చదివి వచ్చేవాళ్ళ కోసం కొంత, వాళ్ళకి ఎదురుగా అంకెల కర్ర పట్టుకుని ఎండలో నిలబడేవాళ్ళ కోసం ఎక్కువ. ఎవరి పేరూ రాయను. ఆనాటి కాగితాల్లో తమ పేరు ఎక్కడా పడకుండా వాళ్ళు ఎంతో జాగ్రత్తపడ్డారు. అంత కష్టపడి చేసుకున్న జాగ్రత్తని ఇప్పుడు నేనెందుకు చెడగొట్టాలి?

ఎనిమిదో తరగతితో నా చదువు అయిపోయింది. పోర్టులో సర్వేవాళ్ళకి కొలత గొలుసు మోసే ఖలాసీగా చేరాను. అక్కడ నాకంటే కొద్దిగా పెద్దవారైన ఒక సర్వేయరు ఉండేవారు. ఆదివారం తెల్లకోటు తొడుక్కుని చర్చికి వెళ్ళి పాటలు పాడేవారు, తక్కిన ఆరు రోజులూ నన్ను తిట్టేవారు. నేల ఎత్తుపల్లాలు కొలిచే లెవెలు యంత్రంలోంచి మొదటిసారి చూడనిచ్చినప్పుడు నేను నోరు తెరుచుకుని ఉండిపోతే, "ఏరా, లోపల సినిమా ఆడతందేటి? అంకె సెప్పు!" అని నెత్తిన ఒకటి వేశారు. అంకె చెప్పాను. అప్పటినుంచి చెబుతూనే ఉన్నాను. పూర్ణా మార్కెట్ దగ్గర పాత పుస్తకాల బండి మీద సర్వే పుస్తకం ఒకటి కొన్నాను. అందులో సగం పేజీలు లేవు. ఆ లేని సగంలో ఏముందో తెలుసుకోవడానికి నాకు మూడేళ్ళు పట్టింది. ఇంగ్లీషు డిక్షనరీ పక్కన పెట్టుకుని నేర్చుకున్నాను. తర్వాత ఒక పెద్ద సంస్థలో వర్క్ ఇన్‌స్పెక్టరునయ్యాను. గొలుసు మోసినవాడు ఇన్‌స్పెక్టరు కావడం మా పేటలో చిన్న విషయం కాదు.

ఎనభైల మొదటి మాట ఇది. గాజువాక అవతల ఉక్కు ఫ్యాక్టరీ కోసం నేల చదును చేస్తున్నారు. ఆ దారిలో పోయే లారీల దుమ్ముకి ఉతికి ఆరేసిన బట్టలు మళ్ళీ ఉతుక్కోవాల్సి వచ్చేది. మా సంస్థ కాలనీ మాత్రం మల్కాపురం వైపు, ఉప్పుటేరు గట్టున ఉండేది. పోర్టువాళ్ళు సముద్రంలోంచి తోడిపోసిన ఇసుకతో ఎప్పుడో మెరక చేసిన నేల అది. క్వార్టర్స్ మురుగునీరంతా తిన్నగా ఏట్లోకే పోయేది. ఏట్లో చేపలు పట్టుకునేవాళ్ళు వచ్చి గొడవ చేస్తే, మావాళ్ళు మురుగు శుద్ధి చేసే ప్లాంటు కొన్నారు. ముక్కలుగా కట్టుకునేది కాదు, బొంబాయి ఫ్యాక్టరీలోనే తయారై వచ్చే రకం. లారీ అంత పొడుగు ఇనప ట్యాంకు, దాని లోపల గదులు, పైన మోటార్లు. దాన్ని భూమిలో పాతాలి. మేం చేయాల్సిందల్లా గుంత తవ్వి, అడుగున కాంక్రీటు పరుపు వేసి, పైపులు దగ్గరికి తెచ్చి పెట్టడం.

"పెళ్ళికొడుకు ముస్తాబై వస్తాడండీ. మనం పందిరేస్తే చాలు" అనేవాడు మా అసిస్టెంట్ ఇంజనీరు. కృష్ణా జిల్లా కుర్రవాడు. తెలివైనవాడు. అతని తెలివిని నేను ఈ రోజుకీ తక్కువ చేసి మాట్లాడను. అతనికి లేనిది వేరే.

గుంత ఎంత లోతు తవ్వాలో తెలియాలంటే నేల ఎత్తు తెలియాలి. కాలనీ మూల ఒక నల్లరాయి పాతి ఉండేది. దాని మీద బాణం గుర్తు చెక్కి, పక్కన ఒక అంకె రాసి ఉంది. సున్నా నుంచి ఆ రాయి తల అంత ఎత్తులో ఉందని అర్థం. బొంబాయి డ్రాయింగులో గుంత అడుగుకి ఒక అంకె ఇచ్చారు. రాయి అంకెలోంచి డ్రాయింగు అంకె తీసేస్తే, రాయి తల నుంచి ఎంత కిందికి పోవాలో వస్తుంది. రెండో తరగతి తీసివేత.

అయితే ఈ ఊళ్ళో సున్నాలు రెండు. ఓడలవాళ్ళకి సముద్రం బాగా లోపలికి తీసినప్పుడు ఎంత నీరు మిగులుతుందో కావాలి. అందుకని పోర్టు సున్నా ఆ అడుగు నీటి దగ్గర ఉంటుంది. నేల మీద కట్టేవాళ్ళ సున్నా సముద్రపు సగటు మట్టం దగ్గర, అంటే పైన. రెండింటికీ మధ్య మోకాలు దాటేంత తేడా. డ్రాయింగు సగటు మట్టం నుంచి అని కాగితం మీదే ఉంది. రాయి అంకె పోర్టు సున్నా నుంచి రాసిందైతే, ఆ తీసివేత ప్రకారం తవ్విన గుంత మోకాలు దాటేంత లోతెక్కువవుతుంది. సముద్రం లేని ఊళ్ళో చదువుకున్నవాడికి ఈ అనుమానమే రాదు. పోర్టులో గొలుసు మోసినవాడికి రావాలి.

నాకు వచ్చింది. కానీ తవ్వకం సగమయ్యాక వచ్చింది.

ఆ అనుమానం తెప్పించినవాడు మా మట్టిపని మేస్త్రీ. శ్రీకాకుళం సముద్రం ఒడ్డువాడు, ముప్ఫై మంది కూలీలని వెంటేసుకుని వచ్చినవాడు. ఒకరోజు గుంతలోంచి పైకి వచ్చి, చేతిలో నీళ్ళు నాలిక్కి రాసుకుని ఉమ్మేశాడు.

"ఉప్పు బావా. ఇది ఊటనీరు కాదు, ఏటినీరు. పొద్దున్న తోడేసినాం కదా, పోటు తగిలేసరికి మల్లీ వచ్చీసింది. పాటుకి దిగుతంది, పోటుకి ఎక్కుతంది. ఏటి, మనం గొయ్యి తవ్వుతన్నామా, సముద్రానికి సావిడి కడుతన్నామా?"

"డ్రాయింగు లోతింకా రాలేదురా."

"ఇంకా తవ్వాలేటి! ఇంకా తవ్వితే సింగపూరు తేల్తాం."

కూలీలు నవ్వారు. నేను నవ్వలేదు. వెళ్ళి ఆ నల్లరాయి ముందు కూర్చున్నాను. ఆ బాణం చెక్కిన తీరు నేను పోర్టులో చూసిన రాళ్ళ మీదిలాగే ఉంది.

ఇప్పుడు నా తప్పు చెబుతాను. నా కష్టాలు చెప్పి నా తప్పు దాచుకుంటే ఈ రాతకి విలువ ఉండదు. సైట్లో ఆర్డరు బుక్కు అని ఒకటి ఉండేది. ఎడమవైపు మనం అడిగింది రాయాలి, కుడివైపు ఇంజనీరు జవాబు రాసి సంతకం పెట్టాలి. నేను రెండు సాయంత్రాలు డిక్షనరీ ముందేసుకుని ఇంగ్లీషులో ఒక ప్రశ్న తయారుచేశాను. 'రాయి మీది అంకె ఏ సున్నా నుంచి లెక్కించినదో దయతో తెలియజేయగలరు.' నాలుగుసార్లు చిత్తు రాసి, అయిదోసారి బుక్కులోకి ఎక్కించాను. ఆ వాక్యం చూసుకుని మురిసిపోయాను కూడా. అడగాల్సింది అడిగేశాను, నా పని అయిపోయిందనుకున్నాను.

అసిస్టెంట్ ఇంజనీరు చదివి నవ్వాడు.

"ఏంటండీ ఇన్‌స్పెక్టరుగారూ, సున్నాల్లో రకాలుంటాయా? మా కాలేజీలో ఒకటే చెప్పారే!"

"పోర్టు రాయైతే వేరుంటుంది సార్."

"ఇది పోర్టు రాయని మీకు తెలుసా, అనుమానమా?"

"అనుమానమే సార్."

"అనుమానాలన్నిటికీ జవాబులు రాస్తా కూర్చుంటే పనయినట్టే. ఇంగ్లీషు మాత్రం బావుందండోయ్, ఎవరు రాసిచ్చారు?"

కుడివైపు ఖాళీగానే ఉండిపోయింది. గుంత రాయి అంకె ప్రకారం పూర్తయింది. పంపులు పెట్టి నీరు తోడుతూనే కాంక్రీటు పరుపు వేశాం. అది గట్టిపడింది.

ట్యాంకు వచ్చిన రోజు కాలనీ అంతా సెలవు పెట్టినట్టే ఉంది. పోర్టునుంచి పెద్ద క్రేను ఒక్క రోజుకి అడిగి తెచ్చారు. సాయంత్రానికి తిరిగి పంపించాలి, లేకపోతే మళ్ళీ ఎప్పుడిస్తారో తెలియదు. మా ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు స్వయంగా వచ్చి కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. పెద్దమనిషి, ఎప్పుడూ గొంతు పెంచి ఎరగరు. ట్యాంకు దించే ముందు ఒక కాగితం మీద నేను సంతకం పెట్టాలి. అడుగు లెవెలు డ్రాయింగు ప్రకారం ఉందని.

"రాయి అంకె పెట్టి లెక్కేస్తే సరిపోయిందా?" అని అడిగారాయన.

"సరిపోయింది సార్. కానీ—"

"కానీ అని రాసే గడి ఇందులో లేదయ్యా" అన్నారు, చాలా మెత్తగా. కాగితం నావైపు తిప్పి, తన పెన్ను మూత తీసి ఇచ్చారు.

క్రేను ఇంజను ఆన్‌లో ఉంది. ట్రెయిలరు డ్రైవరు బీడీ కాలుస్తూ నావైపే చూస్తున్నాడు. ఇంతమంది నా ఒక్కడి కోసం ఆగి ఉండటం నాకదే మొదటిసారి. సంతకం పెట్టాను.

ట్యాంకు దిగింది. పరుపు మీద చక్కగా కూర్చుంది. జనం చప్పట్లు కొట్టారు. చప్పట్లు ఆగాక నేను అసిస్టెంట్ ఇంజనీరు దగ్గరికి వెళ్ళి, ట్యాంకు నిండా నీళ్ళు పట్టించమన్నాను. ఖాళీ బిందెని నీళ్ళలో ముంచి వదిలేస్తే పైకి లేస్తుంది. ఇదీ అంతే.

"లోపల రెండో కోటు రంగెయ్యాలండీ. నీళ్ళు పోస్తే ఎలా? వారంలో బొంబాయి ఫిట్టరొస్తాడు. పరుపుకి కట్టే ఇనప పట్టీలు కూడా అతనే తెస్తాడు. అప్పుడు చూద్దాం."

"అందాకా పంపులైనా ఉంచండి సార్."

ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు విన్నారు. "పంపులు వేరే సైటుకి కావాలి. ట్యాంకు దిగిపోయిందిగా, ఇక తోడేదేముంది?" అన్నారు. సాయంత్రం క్రేనుతోపాటే పంపులూ వెళ్ళిపోయాయి.

మేస్త్రీ గట్టు మీద నిలబడి తల గోక్కున్నాడు. "బావా, అది సూడ్డానికి పడవలాగుంది. పడవని తాడు కట్టకుండా రేవులో ఒగ్గేత్తారేటి? మా ఊల్లో గుంటపిల్లలు కూడా ఒగ్గరు."

నాలుగో రోజు వాన మొదలైంది. అక్టోబరు వాన. రెండు రోజులు ఆగకుండా కురిసింది. ఏరు గట్టుదాకా వచ్చింది. మూడో రోజు పొద్దున్న నేను సైకిలు దిగేసరికి గుంత చుట్టూ గొడుగులు. ట్యాంకు ఒక కొస నేలమట్టం దాటి పైకి లేచి, చెరువులో గేదె వీపులాగా తేలి ఉంది. రెండో కొస పరుపు అంచుకి కొట్టుకుని నొక్కుకుపోయింది. పైపులు విరిగి వేలాడుతున్నాయి. కాలనీ మురుగు ఆ గుంతలోకే పోతోంది. పాలగిన్నెతో నిలబడ్డ ఒకావిడ నన్ను చూసి, "ఏటండీ ఇన్‌స్పెక్టరుగారూ, పాతినారనుకున్నాం, మొలిసిందేటి?" అంది. అందరూ నవ్వారు. ఆవిడ తప్పేముంది? బయటినుంచి చూస్తే నవ్వే వస్తుంది.

విచారణ వేశారు. అడిగింది ఎవరో కాదు, ఆ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరే. ఆర్డరు బుక్కు తెమ్మన్నాను. వానకి షెడ్డులో తడిసి పాడైపోయిందన్నారు. షెడ్డులో సిమెంటు బస్తాలు తడవలేదు. బుక్కొక్కటే తడిసింది. మేస్త్రీని పిలిచారు. అతను వేలిముద్ర వేసిన వాంగ్మూలంలో ఒకే ఒక్క వాక్యం: 'ఇన్‌స్పెక్టరు చెప్పిన లోతుకే మేం తవ్వాం.'

ఆ సాయంత్రం నేను పోర్టు సర్వే ఆఫీసుకి వెళ్ళాను. తెల్లకోటు సర్వేయరుగారు రిటైరు కావడానికి ఇంకా కొన్ని నెలలున్నాయి. రాయి అంకె చెప్పాను. ఆయన బీరువాలోంచి లావుపాటి రిజిస్టరు తీసి, వేలు తడిచేసుకుని, నాలుగు పేజీలు తిప్పి ఆగారు. అదే రాయి. అదే అంకె. పోర్టు సున్నా.

"ఎప్పుడడిగినావురా నన్ను?" అన్నారు.

"బుక్కులో రాసి అడిగాను సార్, మా ఇంజనీరుని."

"సైకిలెక్కితే నా కాడికి అరగంట. ఇంగిలీసు రాయడానికి రెండ్రోజులేటి? బుర్ర తక్కువోడా!"

నా జన్మలో నన్ను అంత న్యాయంగా తిట్టినవారు లేరు. ఆయన ఆ పేజీ నకలు రాసి, సంతకం పెట్టి ఇచ్చారు. గెలిచేశాననుకున్నాను. మర్నాడు దాన్ని విచారణలో పెట్టాను.

ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు నకలు రెండుసార్లు చదివారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"అయితే ఇది పోర్టు సున్నా అని నీకు అనుమానం ఉంది."

"ఉంది సార్. రాశాను కూడా."

"ఉండీ సంతకం పెట్టావు."

ఆయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నారు.

"చూడవయ్యా, రెండే దారులు. తెలిసీ సంతకం పెట్టానంటే ఉద్యోగం పోతుంది. నేను కూడా ఆపలేను. లెవెలు సరిగ్గా తీయడం రాక పొరపాటు చేశానంటే, తిరిగి ఖలాసీగా పంపిస్తారు. ఉద్యోగం ఉంటుంది. నీకెంతమంది పిల్లలు?"

"నలుగురు సార్."

"ఆలోచించుకో."

ఆయన నకలు మడిచి నాకే తిరిగి ఇచ్చేశారు. ఫైల్లో పెట్టలేదు. గంటసేపు వరండాలో నిలబడ్డాను. అసిస్టెంట్ ఇంజనీరు అటువైపు వెళ్తూ నన్ను చూసి ఆగాడు, వాచీ చూసుకుని వెళ్ళిపోయాడు. లోపలికి వెళ్ళి, నాకు లెవెలు తీయడం రాదు సార్ అన్నాను. మాటల్లో అన్నాను. వాళ్ళు ఎర్ర సిరాతో రాసుకున్నారు.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా ఏడేళ్ళు నేను అంకెల కర్ర పట్టుకున్నాను. ఎదర యంత్రం దగ్గర కొత్తగా వచ్చినవాళ్ళు నిలబడేవారు. అంకె తప్పు చదివి బుక్కులోకి ఎక్కిస్తుంటే నేను దగ్గేవాణ్ణి. కొన్నాళ్ళకి వాళ్ళకి నా దగ్గు భాష పట్టుబడింది. దగ్గు వినిపిస్తే మళ్ళీ చూసేవారు. నా వల్ల ఎన్ని గోడలు నిటారుగా లేచాయో ఎక్కడా రాసి లేదు.

ట్యాంకుని గ్యాసు కట్టరుతో ముక్కలు కోసి తుక్కు కింద పంపేశారు. గుంతని పూడ్చలేదు. చుట్టూ ముళ్ళతీగ కట్టారు. అందులో జమ్ము మొలిచింది, దోమలు పట్టాయి. కాలనీ మురుగు మళ్ళీ ఏట్లోకే పోయింది. చేపలవాళ్ళు మళ్ళీ వచ్చి గొడవ చేశారు. అసిస్టెంట్ ఇంజనీరుకి ప్రమోషను వచ్చింది. నాకు స్వీటు పెట్టాడు. తిన్నాను.

మేస్త్రీ ఒకసారి గాజువాక టీకొట్టు దగ్గర కనపడ్డాడు. నన్ను చూసి బెంచీ మీదినుంచి లేచి నిలబడ్డాడు.

"నాను అబద్దం సెప్పలేదు బావా. నువ్వు సెప్పిన కాడికే తవ్వినాం. అవునా, కాదా?"

"అవును."

"ఉప్పునీరు మాట కూడా సెప్పినాను. అది రాసుకోనేదు ఆల్లు. మల్లీ సెప్తే, నీ మనుసులికి పనొద్దేటి అన్నారు. ముప్పై మందిని ఏసుకొచ్చినాను, ఏటి సెయ్యమంటావు?"

"టీ తాగు" అన్నాను. నేనే ఇప్పించాను. నలుగురు పిల్లల కోసం నేను చేసినదాన్నే ముప్ఫై మంది కోసం అతను చేశాడు. అతని మీద కోపం తెచ్చుకుందామని చాలా ప్రయత్నించాను. రాలేదు. ఆ కోపం కూడా పై ఇద్దరు ఇంజనీర్ల లెక్కలోకే పోయింది.

కుర్రవాళ్ళు నన్ను అడుగుతుంటారు, ఇంతకీ మీరేం నేర్చుకున్నారని. నేర్చుకోవడానికి నేను అక్కడికి వెళ్ళలేదు నాయనా, పని చెయ్యడానికి వెళ్ళాను. అయినా అడిగారు కాబట్టి చెబుతాను. రాసి అడిగినంత మాత్రాన అడిగినట్టు కాదు. జవాబు చేతికి వచ్చేదాకా సైకిలు దిగకండి. పెన్ను మూత తీసి మరీ ఇచ్చేవాళ్ళ దగ్గర సంతకం పెట్టకండి. నేను పెట్టాను. అది నా తప్పు, దాన్ని నేను మోస్తాను. కానీ నా తప్పు అది. లెవెలు తీయడం రాకపోవడం కాదు.

రిటైరై పెందుర్తిలో మా అమ్మాయి ఇంటి పక్కన వాటా తీసుకున్నాక ఆ సంస్థకి ఉత్తరాలు మొదలుపెట్టాను. డబ్బు అడగలేదు, ప్రమోషను అడగలేదు. ఆ ఒక్క వాక్యం కొట్టేయమన్నాను. కొట్టేయడం కుదరకపోతే, దాని పక్కన 'ఇతను ముందే అడిగాడు' అని రాయమన్నాను. పోర్టు రిజిస్టరు నకలు ప్రతిసారీ జతచేశాను. మొదటి నాలుగింటికి జవాబు లేదు. అయిదోదానికి వచ్చింది. టైపు చేసిన ఇంగ్లీషు, కింద నాకు తెలియని కొత్త ఇంజనీరు సంతకం. నాకు వచ్చిన తెలుగులో ఇక్కడ దించుతున్నాను:

"అయ్యా, తమ విజ్ఞాపన పరిశీలించబడినది. విచారణ ఫైలు గడువు తీరినందున నాశనము చేయబడినది. కావున తమ సర్వీసు పుస్తకంలోని వ్యాఖ్యను తొలగించుటకు గానీ, మార్చుటకు గానీ వీలుపడదు. ఇక రెండవ విషయము. సదరు స్థలంలోనే మురుగు శుద్ధి ప్లాంటును తిరిగి నెలకొల్పు ప్రతిపాదన కలదు. కాలనీలోని పాత రాయిని గురించి ప్రస్తుతం ఈ కార్యాలయంలో ఎవరికీ వివరములు తెలియవు. కావున తాము ఏదేని పనిదినమున ఉదయం పది గంటలకు సైటు వద్దకు వచ్చి, మా సిబ్బందికి లెవెలు తీసి చూపవలసినదిగా కోరడమైనది."